దర్జీని వదిలేసిన ముగింపు

మా ఆయన నలభై ఒక్క నవలల్లో నూట పదముగ్గురిని చంపారు. ఇంట్లో బొద్దింక కనబడితే మాత్రం కుర్చీ ఎక్కి నన్ను కేకేస్తారు. వీధిలో అందరూ ఆయన్ని సస్పెన్స్ గారంటారు. రాత మాత్రం కోడి కెలికినట్టుంటుంది. అందుకని పత్రికకి పంపే సాపు ప్రతి నేనే రాస్తాను. అంటే ఆ చావులన్నీ నా చేతి మీదుగా వెళ్లినవే. ముందే చెప్పేస్తున్నా, చివరికొచ్చాక నేనేదో మంచిదాన్నని అనుకోకండి.

ఆయనకో పద్ధతి ఉంది. నవల మొదలుపెట్టే ముందు గోడకి పెద్ద కాగితం అంటించి, పాత్రలన్నీ వరసగా రాస్తారు. పాఠకుడు ఎవర్ని అనుమానిస్తాడో వాళ్లని ఒక్కొక్కర్నీ కొట్టేస్తారు. ఆఖర్న మిగిలినవాడే హంతకుడు. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస. పాఠకులూ తక్కువ తిన్లేదు, "మరీ మంచివాడెవడో చూడండి, వాడే" అని పందేలు కాసుకునేదాకా వచ్చారు.

మా వీధి చివర మేడ మీద ఒక నర్సు అద్దెకుండేది. ఎవరో ఆమె గొంతు నులిమి మెట్ల కింద పడేశారు. ఏడాది గడిచినా పోలీసులకి ఆచూకీ చిక్కలేదు. అదే ఏడాది మా ఆయన నవలలు రెండు బోల్తా కొట్టాయి. వారపత్రిక ఎడిటరు, "ఈసారి అదరగొట్టకపోతే మీ పేజీలు జాతకాలవాళ్లకిచ్చేస్తాను" అన్నాడు. అంతే, నర్సుని టెలిఫోన్ ఆపరేటర్ని చేసి, మా వీధి మొత్తాన్ని గోడకెక్కించారు. ఇంటి ఓనరు, లాయరు, పాలవాడు, డాక్టరు, అందరినీ కొట్టేశాక దర్జీ మిగిలాడు.

మా దర్జీ నోట్లో నాలుక లేని మనిషి. భార్య పోయాక కూతుర్ని ఒక్కడే పెంచుకుంటున్నాడు. ఎడమకాలు కాస్త ఈడుస్తాడు. ఆ నర్సు యూనిఫారాలు కుట్టింది కూడా అతనే.

"ఏమండీ, వీడు మన దర్జీయే కదూ?" అన్నాను, కలం ఆపి.

"కాలు బాగుచేసి మెల్లకన్ను పెట్టాను కదే. ఇంకెవడు గుర్తుపడతాడు?"

"నేను గుర్తుపట్టలేదా?"

"నీకు ప్రతిదానికీ రాద్ధాంతమే."

నాకు ఒళ్లు మండింది. కానీ చెయ్యి ఆగలేదు. అధ్యాయం అంత బాగుంది మరి, పాపిష్టిదాన్ని.

శవం పక్కన కొలతల టేపు దొరికినట్టు రాసిన వారం పత్రిక కాపీలు మధ్యాహ్నానికే అయిపోయాయి. ఎడిటరు ఫోన్లోనే గంతులేశాడు. మా వీధిలో మాత్రం, సగం కుట్టిన బట్టలు కూడా జనం వెనక్కి తీసుకుపోయారు. బడిలో దర్జీ కూతురి పక్కన కూర్చోవడం అందరూ మానేశారు.

ఒక పొద్దున దర్జీ మా ఇంటికొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, నా గురించి మీకేమైనా తెలిస్తే పోలీసులకి చెప్పండి. ఏమీ తెలియకపోతే, తెలియదని పత్రికలో ఒక్క ముక్క వేయించండి. నాకోసం కాదు. మా అమ్మాయి నాతో సరిగ్గా మాట్లాడ్డం లేదు."

మా ఆయన అతని భుజం తట్టి, "నేను చూసుకుంటాగా, నువ్వు దిగులు పడకు" అని పంపేశారు.

తలుపు వేశాక నేను విరుచుకుపడ్డాను. "ఏం చూసుకుంటారు? ఈ కథకీ ఆ మనిషికీ సంబంధం లేదని రెండు వాక్యాలు రాయండి, ఇప్పుడే సాపు చేసిస్తాను."

"ఇంకా రెండు వారాలుంది. ఇప్పుడలా రాస్తే సీరియల్ అక్కడే చచ్చిపోతుంది. అంతకంటే మంచి పని చేస్తాను, ముగింపే మార్చేస్తాను. డాక్టర్ని పట్టిస్తాను. దర్జీ కడిగిన ముత్యంలా బయటికొస్తాడు. సరేనా?"

సరే అన్నాను. పైగా సంతోషించాను కూడా. ఆఖరి అధ్యాయంలో ఇన్‌స్పెక్టరు దర్జీకి చేతులు జోడించి క్షమాపణ చెప్పే చోట, సాపు రాస్తూ కళ్లనీళ్లు పెట్టుకున్నాను. మా తెలివి తెల్లారినట్టే ఉంది! ఇరవై రెండేళ్లు మేం తయారుచేసిన పాఠకులు కదా, వాళ్లు ఊరుకుంటారా? ముగింపు అతకలేదని ఇట్టే పట్టేశారు. "దర్జీ బెదిరించి మార్పించాడు, రచయితకి నిజం తెలుసు" అని ఊళ్లోంచే కట్టలకొద్దీ ఉత్తరాలు. వీధిలోనూ అదే మాట.

ఆ నర్సు అన్న ఎక్కడో గిడ్డంగిలో పని చేస్తాడు. పత్రిక చేత్తో పట్టుకుని, ఇద్దర్ని వెంటేసుకుని పట్టపగలే దర్జీ కొట్టు దగ్గరికి వచ్చాడు. దర్జీని మిషను ముందు నుంచి ఈడ్చి, వీధిలో పడేసి తన్నారు. నేను పరుగెత్తుకెళ్లేసరికి స్పృహ లేదు. మూడో రోజు ఆసుపత్రిలో పోయాడు.

వారం తర్వాత ఆ అమ్మాయి మా ఇంటికొచ్చింది. ఊళ్లోనే ఉన్న పిన్ని తీసుకెళ్లిపోతోందట, బ్యాగు గుమ్మం బయటే పెట్టింది. పదిహేనేళ్లుంటాయేమో. ఏడుపు లేదు, కోపం లేదు. నేరుగా ఆయన ముందుకెళ్లి నిలబడింది.

"అంకుల్, నాకొక్కదానికే చెప్పండి, ఎవరితోనూ అనను. ఆ నర్సు ఆంటీని మా నాన్నే చంపాడా?"

మా ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. "లేదమ్మా... అదంతా నేను కల్పించిందే. మీ నాన్నకేమీ తెలియదు. ఒట్టు."



"అది నిజమైతే, నాన్న వచ్చి అడిగినప్పుడే చెప్పేవారు కదండీ" అంది ఆ పిల్ల నెమ్మదిగా.

నేను ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుని, "కాదే తల్లీ, మీ నాన్న కాదే" అని భోరుమన్నాను. తను చేతులు విడిపించుకుని, "పర్లేదు ఆంటీ, నేనెవరికీ చెప్పనుగా" అని నన్నే ఓదార్చి, బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది.