అప్పడం విరవని చెయ్యి

అమీర్‌పేటలో నేర్పని విద్య లేదు. అక్కడ ఓ కోచింగ్ సెంటర్ పై అంతస్తులో భానుచందర్ ఓ రబ్బరు చేతికి వస్తువులు పట్టుకోవడం నేర్పేవాడు. గాలి నింపితే దాని మెత్తటి వేళ్లు ముడుచుకుంటాయి, గాలి తీస్తే విచ్చుకుంటాయి. గది ఊడ్చే అన్వరీయే రోజూ దానికి పరీక్ష సామాను తెచ్చేది. కోడిగుడ్డు, బాగా పండిన టమాటా, అప్పడం, తడిసిన సబ్బుబిళ్ల. చెయ్యి ఓడిపోయిన రోజు అన్వరీ ఇంట్లో ఆమ్లెట్. అది పని నేర్చుకున్నాక ఆ భాగ్యం కూడా పోయింది.

అంతటితో చెయ్యి ఊరుకోలేదు. ఓ మధ్యాహ్నం ఫ్యాను నీడను నేలమీంచి తీసి ట్రేలో పెట్టింది. మర్నాడు చాయ్ మీది ఆవిరిని, ఆ తర్వాత భానుచందర్ తలనొప్పిని. అతను హాయిగా మెడ తిప్పుకుని, ఇలాంటివాటికి వేరే ట్రే కావాలన్నాడు. అన్వరీ పంజాగుట్ట పోయి మూత ఉన్నది చూసి తెచ్చింది.

ఆ మూత సరిగ్గా పడుతుందో లేదో చూస్తుంటే ఆమెకు కూతురు గుర్తొచ్చింది.

ఎనిమిదేళ్ల ఉమైరా మాట్లాడక ఏడాదైంది. గొంతులో ఏదో అడ్డం పడినట్టు ఊరికే గుటకలు వేస్తుంటుంది. డాక్టరు టార్చి వేసి చూసి ఏమీ లేదన్నాడు. ఏముందో అన్వరీకి తెలుసు. ఆటో నడిపే ఆమె భర్త జుల్ఫికర్ పొద్దున్నే గడప దగ్గర నిలబడి, వెళ్లొస్తానన్నట్టు ఖుదా హాఫిజ్ అనేవాడు. కూతురు తిరిగి 'ఖుదా హాఫిజ్, అబ్బా' అంటేగాని కాలు బయట పెట్టేవాడు కాదు. ఏడాది కిందట ఓ రోజు జ్వరంతో అతని ఒళ్లు కాలిపోతోంది. నాన్నను పోనివ్వకూడదని పిల్ల పెదాలు బిగించింది. అనవద్దని అన్వరీ కూడా సైగ చేసింది. జుల్ఫికర్ చాలాసేపు నిలబడ్డాడు. చివరికి నవ్వి, గిరాకీ ఉందని వెళ్లిపోయాడు. ఖైరతాబాద్ దగ్గర ఆటో బోల్తా పడింది.

పిల్ల ఆ పెదాలు మళ్లీ విప్పలేదు. తను అననంతకాలం అబ్బా పోనట్టేనని దాని నమ్మకం. చెప్పుకోవడానికి సిగ్గుగానీ, అన్వరీకీ లోలోపల అదే ఆశ. జుల్ఫికర్ ఇంటి దగ్గర వేసుకునే చెప్పులను రోజూ తుడిచి గడప పక్కన పెట్టేది.

"సార్, జర మా పిల్ల గొంతు సుత చూపియ్యాలె మన చేతికి," అని అడిగింది.

భానుచందర్ ఉమైరాను కుర్చీలో కూర్చోబెట్టి గాలి బాగా తగ్గించాడు. "నోరు తెరువు బిడ్డా. అప్పడమే ఇరగలే, నీకేం గాదు."

ఉమైరా తల్లివైపు చూసింది. తెరిస్తే ఏం పోతుందో ఇద్దరికీ తెలుసు. అన్వరీకి భయమేసింది. పిల్లను లేవదీసుకుని ఇంటికి పోదామనిపించింది. అయినా తల ఊపింది.

చెయ్యి మెల్లగా వంగి, ఆ మాటను నలగకుండా తీసి ట్రేలో పెట్టింది. మూత వేసేలోపే అది ఉమైరా గొంతుతో గదిలో వినిపించింది.

"ఖుదా హాఫిజ్, అబ్బా."

కింద ట్రాఫిక్ హారన్లు మోగుతున్నాయి. ఉమైరా గొంతు సవరించుకుంది.

"అమ్మీ, అబ్బా పోయిండు గదా?"

"పోయిండు బేటా," అంది అన్వరీ. ఏడాదిలో ఆ మాట పైకి అనడం అదే మొదలు. అని, పిల్లను పట్టుకుని ఏడ్చింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి గడప పక్కన చెప్పులు లేవు. ఎవరైనా తీశారా అని అన్వరీ పక్కింటివాళ్లను అడగలేదు.