ట్యాంకులో అడుగు నీళ్ళు

బడి కిటికీల దాకా వరద వచ్చాక మూడో ఏడది. వానలు వస్తే కొంపలు ముంచడం, రాకపోతే నోరెండగట్టడం తప్ప మధ్యరకం మరిచిపోయాయి. వీధిలో బోర్లన్నీ ఎండి, మసీదు బావి ఒక్కటే మిగిలింది. పొద్దున మోటారు వేస్తే ట్యాంకు నిండేది. దాన్నుంచి ఒక పైపు నమాజుకు ముందు వజూ చేసుకునే కుళాయిలకు, ఇంకొకటి గోడ అవతల వీధికి.

మధ్యాహ్నానికే వీధి కుళాయి గాలి ఊదేది.

“లీకుంది,” అన్నాడు కుళాయిల మేస్త్రి. పైపులు బిగించింది ఆయనే. మూడు రోజులు కీలుకీలూ తడిమాడు. చుక్క కారలేదు.

మసీదు పక్కిల్లు ఆయన అక్కది. బావ పక్షవాతంతో మంచాన ఉన్నాడు. రోజుకు రెండుసార్లు ఒళ్ళు తుడవకపోతే వీపు పుండు పడుతుంది, అప్పటికే ఎర్రబడింది. ఆమె ఖాళీ బిందెతో పిట్టగోడ దగ్గరికి వచ్చింది. అవతల తమ్ముడు కుళాయి పూర్తిగా తిప్పి, మోచెయ్యి కడుగుతున్నాడు.

“ఎన్నోసారిరా అది?”

“మూడోది. కాదేమో. అనుమానమొచ్చి మళ్ళీ కడుగుతున్నా.”

“కడుక్కో నాయనా. నీ మోచెయ్యి ముందు స్వర్గానికి పోతుంది, నువ్వు వెనక నిదానంగా పోదువుగాని.”

పక్కనే చెంబుడు నీళ్ళతో వజూ ముగించిన ఇమాం గారు నవ్వాపుకున్నారు. “పారే ఏటి ఒడ్డునున్నా నీళ్ళు వృథా చెయ్యొద్దన్నారు ప్రవక్త. మనకు ఏరు కూడా లేదు మేస్త్రీ.”

మేస్త్రి కుళాయి కట్టేశాడు. “నా ఒక్కడి మోచేతికే ట్యాంకు ఖాళీ అయిపోతుందా?”

“సరే, నీళ్ళు తగ్గితే మా కుళాయే ఎందుకాగుతుంది? మీవి ఆగవే?” అంది అక్క.

మేస్త్రి తలెత్తి ట్యాంకు వైపు చూశాడు. బిగించిననాడు వజూ పైపు ట్యాంకు అడుగున పెట్టాడు, వీధి పైపు సగం ఎత్తున. నీళ్ళు సగానికి దిగితే వీధికి గాలే. పుణ్యమనుకుని తానే అలా పెట్టాడు.

“అల్లా పనికి తక్కువైతే ఎలా అనుకున్నా,” అన్నాడు నేల చూస్తూ.

“నీళ్ళు లేనినాడు వజూకు బదులు శుభ్రమైన మట్టితో తయమ్ముం చెయ్యమన్నాడు అల్లాయే,” అన్నారు ఇమాం గారు. “మీ బావ వీపుకి మట్టి రుద్దుతావా?”

“రుద్దినా రుద్దుతాడండీ, అనుమానమొచ్చి మళ్ళీ రుద్దుతాడు,” అంది అక్క.

మర్నాడు తెల్లవారి నమాజు కాగానే, ఇంకా మోటారు వెయ్యకముందే, మేస్త్రి నిచ్చెనెక్కి రెండు పైపులూ విప్పాడు. వీధిది అడుగున బిగించాడు, వజూది సగం ఎత్తున. మోటారు వేసి, బావను పక్కకు తిప్పి పట్టుకోడానికి అక్క ఇంటికి వెళ్ళాడు.