ఉతకని చొక్కా

రేపు చర్చిలో ప్రభు బల్ల అంటే ముందురోజు మధ్యాహ్నమంతా నా పనే. రొట్టె కాల్చాలి, ద్రాక్షరసం కాచాలి, బల్ల మీద కప్పే తెల్లగుడ్డ ఉతికి నీలిమందు పెట్టాలి. పాస్టరమ్మని కదా. జీతం లేని ఉద్యోగం, పైగా దానికి సేవ అని ముద్దుపేరు. అయినా నీలం నీళ్లలో ఆ గుడ్డ ఉబ్బి తేలుతుంటే నాకిష్టం. చేతులు నీళ్లలో పెట్టుకుని కాసేపు ఎటో వెళ్లిపోతుంటాను.

ఆ శనివారమూ అలాగే కూర్చున్నాను. దొడ్డి గుమ్మం దగ్గర మా చర్చికొచ్చే సంతోషకుమారి నిలబడి ఉంది, చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో ఆమె కొడుకు మార్క్ చొక్కా. మిర్చి యార్డులో బస్తాలు మోసే మనిషి. అక్కడ బస్తాలు పోయాయని మంగళవారం పోలీసులు అతన్ని తీసుకెళ్లారు. కేసు రాయలేదు, కోర్టులో పెట్టలేదు. వేరే చొక్కా తెమ్మని, ఒంటి మీదిది విప్పించి ఈమె చేతికిచ్చారట.

"నా చేత్తో ఉతకలేనమ్మగారూ. మీరు ఉతికిపెట్టండి. అయ్యగార్ని ఒక్కసారి స్టేషన్‌కి రమ్మనండి," అని కవరు అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

నీళ్లలో ముంచబోతూ చొక్కా పట్టుకున్నాను. వేళ్లు మండాయి. పెళ్లికి ముందు గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకు తొడిమలు తీసినదాన్ని, ఆ మంట నాకు కొత్త కాదు. యార్డులో పనిచేసేవాడి చొక్కాకి కారం ఉంటుంది, సరే. చిరిగిన వీపులోకి, ఎండిన రక్తం కిందికి ఎలా వస్తుంది? దెబ్బల మీద ఎవరో చల్లితేనే వస్తుంది.

ఎండ గోడెక్కింది. ఎక్కడినుంచో పత్తి పింజ ఒకటి ఎగిరొచ్చి నీళ్ల మీద వాలింది. ప్రభువునూ రాత్రికి రాత్రే పట్టుకెళ్లారు, తెల్లార్లూ కొట్టారు. సిలువ దగ్గర సైనికులు ఆయన అంగీ కోసం చీట్లు వేసుకున్నారని చిన్నప్పటినుంచీ వింటున్నాం. గెలిచిన సైనికుడు దాన్ని ఇంటికి తీసుకెళ్లే ఉంటాడు. మరకలు పోయేదాకా రుద్దిన అతని పెళ్లాం గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆమె చేతులు నాకు కనిపించాయి, ఆ నీలంలో, నా చేతుల పక్కనే. ఆమె ఏమీ అడగలేదు. మగవాళ్ల పనుల్లో మనకెందుకులే అనుకుని ఉతికేసి ఆరేసింది.

నేను చొక్కాని నీళ్లలో ముంచలేదు.

సాయంత్రం టీ ఇస్తూ ఈయనకు చెప్పాను. "అధికారులకు లోబడమని వాక్యం. రేపు మన మైకుకి పర్మిషన్ ఇవ్వాల్సింది ఆ ఎస్సైగారే. నీకెందుకే ఇవన్నీ? టీలో పంచదార ఎక్కువైంది, అది చూసుకో," అన్నారు. గుడ్‌ఫ్రైడేకి కొరడాదెబ్బల గురించి చెప్పి చర్చి మొత్తాన్ని ఏడిపించే మనిషి. పాస్టరమ్మ నోరు పాటలకే తెరవాలని పెళ్లయిన కొత్తలో మా అత్తగారు చెప్పింది. ఇన్నేళ్లూ పాటలకే తెరిచాను. బాగా పాడతానని పేరు కూడా.

ఆదివారం ఎప్పట్లాగే బల్ల సర్ది గుడ్డ కప్పాను. ప్రసంగం అయ్యాక ఈయన గుడ్డ తీశారు. రొట్టె పక్కన చొక్కా, మరకలు పైకి కనిపించేలా మడిచి. ఈయన చెయ్యి దాన్ని పక్కకు నెట్టబోయి ఆగిపోయింది.

ఆడవాళ్ల చాప మీంచి లేచాను.

"అది మార్క్ చొక్కా. నేను ఉతకలేదండి. ఉతికితే కొట్టినవాళ్లతో నేనూ కలిసినట్టే. అతను దొంగో కాదో జడ్జిగారు తేలుస్తారు. ఒకవేళ దొంగే అయినా ఇలా చెయ్యకూడదు. ముందు అతన్ని జడ్జిగారి దగ్గరికి తీసుకెళ్లమని అడగడానికి స్టేషన్‌కి వెళ్తున్నాను."

"కూర్చో," అన్నారు ఈయన, మైకులోనే.

బల్ల దగ్గరికి వెళ్లి చొక్కా తీసుకున్నాను. సంతోషకుమారి ముసుగు సర్దుకుని నా వెంట వచ్చింది. గుమ్మం బయట చెప్పులు వేసుకుంటుంటే, లోపల ఆడవాళ్లు లేచి చాపలు చుడుతున్న చప్పుడు వినిపించింది.