ప్లగ్గు పీకిన తరువాత

నేను ఒక మైక్రోవేవ్ ఓవెన్‌ను. తలుపు అద్దంలోంచి మీకు కనిపించేది నా నోరు మాత్రమే. కడుపు వేరే ఉంది, రేకు వెనక. అక్కడ కెపాసిటరు అని చిన్న డబ్బాలాంటి భాగం ఉంటుంది. కరెంటును పట్టి దాచుకోవడం దాని పని. ప్లగ్గు పీకేసినా ఒక్కోసారి వెంటనే వదలదు. ఆ సంగతి చెప్పడానికి నాకు నోరుంది గానీ మాట లేదు.

ఫ్యాక్టరీలో ఒక అమ్మాయి నాకు చివరి మర బిగించి, వీపున మెరుపు బొమ్మ ఉన్న పసుపు కాగితం అంటించింది. అక్కణ్ణించి కాకినాడలో సత్యానందం ఇంటికి చేరాను. అతను ముప్పై ఏళ్లు మోటార్లకు వైండింగ్ చేసినవాడు. భార్య కరుణమ్మ అంగన్‌వాడీలో చేసి రిటైరైంది. నాతో వచ్చిన పుస్తకం ఆమె చదివింది, అతను చదవలేదు. పని తెలిసినవాళ్లకు చదవడం నామోషీ కాబోలు. స్టీలు గిన్నె పెట్టకుండా, మూత బిగించకుండా, ఖాళీగా తిప్పకుండా ఆమె నన్ను ఆరేళ్లు వాడింది.

ఒక ఆదివారం ఆమె చర్చి నుంచి వచ్చి కూర పెట్టింది. దీపం వెలిగింది, పళ్లెం తిరిగింది, కూర మాత్రం చల్లగానే ఉంది.

"మెకానిక్కుని పిలుద్దామండీ. విప్పొద్దని పుస్తకంలో రాశారు."

"నాకంటే తెలిసినోడా ఆడు? నువ్వూరుకో."

సత్యానందం గ్లాసుడు నీళ్లు పెట్టి ఒక నిమిషం తిప్పి చూశాడు. ప్లగ్గు పీకి ఆమె ముందు ఊపాడు. "ఇదిగో, కరెంటు లేదు. ఇంకేం చేస్తదే ఇది?"

నా కడుపు నిండుగా ఉంది. మరలు ఒక్కొక్కటే ఊడాయి. రేకు లేచింది. ఎడమచెయ్యి నా ఇనుప ఒంటికి ఆనించి, కుడిచేత్తో తీగలు పక్కకు జరిపాడు.

టప్పుమంది. కేక కూడా రాలేదు. వెనక్కి విరుచుకుపడ్డాడు.

ఊపిరి లేదు. అంగన్‌వాడీ శిక్షణలో నేర్పినట్టే కరుణమ్మ అతని గుండె మీద రెండు చేతులతో నొక్కుతూ, మధ్యమధ్య వీధిలోకి అరుస్తూ, అంబులెన్సు వచ్చేదాకా ఆగలేదు.

తొమ్మిదో రోజు ఇంటికొచ్చాడు. కుడిచేతి రెండు వేళ్లు వంగడం లేదు. పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ "జారిపడ్డాను" అన్నాడు.

పాతసామాన్లు కొనే నూకరాజు వచ్చాడు. నన్ను గేటు దగ్గర బోర్లించి, రాగి తీగ ఎంత ఉందో చూద్దామని స్క్రూడ్రైవరు తీశాడు.

"విప్పకు," సత్యానందం గబగబా వచ్చాడు.

"చచ్చిన సామానే కదండీ బాబూ?"

సత్యానందం వంగని వేళ్లు చూపించాడు. "ముప్పై ఏళ్లు కరెంటు పనే చేశానయ్యా. ప్లగ్గు పీకాను కదా అని చెయ్యి పెట్టాను. నాకు తెల్దు. ఇది బాగుచెయ్యడం నేర్చినోళ్లకే ఇయ్యి."

కరుణమ్మ గుమ్మంలో నిలబడి వింది. నలభై ఏళ్ల కాపురంలో 'నాకు తెల్దు' అన్న మాట అతని నోట వినడం ఆమెకు అదే మొదలు.

"అలాగేనండీ," అన్నాడు నూకరాజు.

వీధి మలుపు తిరిగాక బండి ఆపాడు. వెనక్కి ఒకసారి చూసి, స్క్రూడ్రైవరు కోసం సంచిలో చెయ్యి పెట్టాడు. నాలో ఇంకా ఏమైనా మిగిలి ఉందో లేదో నాకే తెలియదు.