ధాత్రి తండ్రి

ధాత్రికి మూడో ఏడు నడుస్తోంది. అమీర్‌పేటలో ఒక సందు చివర, ఒంటిగది ఇంట్లో ఉండే భానుచందర్‌కి, సంగీతకి ఆమె ఒక్కతే కూతురు. ఆ ఉదయం భానుచందర్ సనత్‌నగర్ ట్రిప్పుకి బయలుదేరుతూ ఆటోని వెనక్కి తీశాడు. తనూ వస్తానని పిల్ల ఎప్పుడు బయటికి పరుగెత్తుకొచ్చిందో అతను చూడలేదు. సంగీత కేక విని బ్రేకు తొక్కేసరికి అంతా అయిపోయింది. పిల్లను ఎత్తుకుని పంజాగుట్టలోని ఆస్పత్రికి పరుగెత్తాడు. నాడి చూసిన నర్సు తల దించుకుంది.

పోలీసులు వచ్చారు, అడిగారు, ప్రమాదమని రాసుకుని వెళ్లారు. బస్తీలో ఎవరూ అతన్ని ఒక్క మాట అనలేదు. అదే అతనికి భరించరానిదైంది.

"నన్ను తిట్టు సంగీతా. చెప్పు తీస్కొని కొట్టు," అన్నాడు పిల్లకు దినం చేసిన సాయంత్రం.

సంగీత గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత అతనితో మాట్లాడటమే మానేసింది.

శిక్ష వేసేవాళ్లు లేక తనకు తానే వేసుకున్నాడు. ఆటో అమ్మేసి, సనత్‌నగర్‌లో ఒక కార్ఖానాలో మూటలు మోసే పనికి కుదిరాడు. ఎర్రటి ఎండలో కూడా చెప్పుల్లేకుండా నడిచాడు. కటిక నేల మీద పడుకున్నాడు. తల్లి కాంతవ్వ కంచం ముందు పెడితే రెండు ముద్దలు తిని లేచిపోయేవాడు.

"నువ్వు గిట్ల సస్తే పిల్ల తిరిగొస్తదా బిడ్డా? జర తిను," అని ఆమె ఏడ్చేది.

"దిగుతలేదమ్మా," అనేవాడు.

పని లేని రోజు ఆ ఆస్పత్రి మెట్ల మీద కూర్చునేవాడు. ఆఖరిసారి బిడ్డను ఎత్తుకున్న చోటు అదే మరి. ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగిన నర్సు అతని దగ్గర ఆగింది. ఆ రోజు నాడి చూసిన ఆమే. పేరు స్వరాజ్యం, భీమవరం వైపు మనిషి.

"మీరు ధాత్రి వాళ్ల నాన్నగారు కదూ?"

అతను ఉలిక్కిపడ్డాడు. ఇంట్లో ఎవరూ పలకని పేరు అది.

"ఏంటి బాబూ, ఇలా చిక్కిపోయారు?"

"నేను జేసిన పాపం మేడం. అనుభవించాలె గదా."

"ఎన్నాళ్లని?"

"సచ్చేదాంక."

"అప్పటికైనా తీరుతుందా?"

భానుచందర్ తల అడ్డంగా ఊపాడు.

స్వరాజ్యం పక్కన కూర్చుంది. "తీరదు బాబూ. మనం ఎంత మోసినా తీరదు గనకే మన పాపాలన్నీ యేసయ్య సిలువ మీద మోశాడని మేం నమ్ముతాం. మీరు మోస్తున్నది కూడా అందులో ఉంది."

అతనికి కోపం వచ్చింది. "నా బిడ్డను నేనే సంపుకున్న మేడం. నన్నెట్ల మాఫ్ జేస్తడు? బిడ్డ పోతే ఎట్లుంటదో మీ దేవునికేం దెలుసు?"

"తెలుసు," అంది ఆమె నెమ్మదిగా. "ఆ సిలువ మీద పోయింది ఆయన కొడుకే కదా."

అతను లేచి మెట్లు దిగి వెళ్లిపోయాడు. కానీ ఆ మాట అతన్ని వదల్లేదు.

గుడ్ ఫ్రైడే నాడు పంజాగుట్టలో స్వరాజ్యం వెళ్లే చర్చికి వెళ్లి చివరి బెంచీలో కూర్చున్నాడు. తనకు మేకులు కొట్టినవాళ్లనే క్షమించమని యేసు తన తండ్రియైన దేవుణ్ని వేడుకున్నాడని పాస్టరు చెబుతున్నాడు. బరువు దించుకుంటే బిడ్డను మరిచిపోయినట్టేనని ఇన్నాళ్లూ భయపడ్డాడు భానుచందర్. ఇప్పుడు తల బెంచీకి ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు. "ఇంక నాతోని గాదు ప్రభువా. నువ్వే తీస్కో." దుఃఖం పోలేదు. కానీ ఆ దుఃఖంలో తను ఒక్కడే లేడనిపించింది. చాలా రోజుల తర్వాత గుండె నిండా ఊపిరి అందింది.

ఇంటికి వచ్చేసరికి సంగీత బియ్యం ఏరుతోంది. ఎదురుగా కూర్చున్నాడు.

"ఇన్ని దినాలు కొట్టుమన్న గని మాఫ్ జెయ్యుమని అడగలే. ఇయ్యాల అడుగుతున్న. నన్ను మాఫ్ జెయ్యి సంగీతా."

ఆమె చెయ్యి ఆగిపోయింది. బియ్యం చాట పక్కన పెట్టింది.

"గొళ్లెం నేను బెట్టలే," అంది. "నువ్వు బండి తీసేటప్పుడు రోజూ తలుపుకు గొళ్లెం బెడుతుంటి. ఆ పొద్దు పాలు పొంగుతున్నయని లోపలికి ఉరికిన. నువ్వు అడుగుతవని భయపడ్డ. నువ్వు అడగలే. నేల మీద పండుకున్నవు, తిండి మానేసినవు. నా శిక్ష సుత నువ్వే మోస్తుంటే, నీకు మొఖమెట్ల జూపియ్యాలె?"

"నీ తప్పేం లేదే."

"గట్లనకు!" ఆమె అతని చేతులు గట్టిగా పట్టుకుంది. "తప్పయింది. తప్పయిందని ఒప్పుకోని మాఫ్ జెయ్యి. ఉత్త ఓదార్పు నాకొద్దు."

"మాఫ్ జేసిన," అన్నాడు.

"నేను సుత జేసిన."

గడపలో నిలబడి అంతా విన్న కాంతవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. లోపల ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ధాత్రీ, ధాత్రీ అని బిడ్డను పిలుచుకుంటూ ఏడ్చారు.

ఆదివారం సంగీత అతనితో పాటు చర్చికి వచ్చింది. పాట పాడలేదు, చేతులు జోడించలేదు. ప్రార్థన అయ్యాక స్వరాజ్యం పలకరించబోతే సూటిగా ఆమె కళ్లలోకి చూసింది.

"మేడం, నా బిడ్డను తీస్కపోయినందుకు మీ దేవుని మీద నాకు మస్తు కోపమున్నది."

"ఆ సంగతి ఆయనకే చెప్పమ్మా. వింటాడు," అంది స్వరాజ్యం.

అందరూ వెళ్లిపోయారు. సంగీత బెంచీ మీద ముందుకు వంగి, ఏడుస్తూనే చెప్పడం మొదలుపెట్టింది. భానుచందర్ ఆమె వీపు మీద చెయ్యి వేసి పక్కనే కూర్చున్నాడు.