అవసరం ఇల్లై

యోగేశ్వరి మా ఇంటి మనిషి. ఈ మాట పక్కింటి చిన్నప్పన్ ముందు అంటే ఒంటికాలి మీద లేస్తాడు. "అది తమిళపిల్ల. మా మనిషి" అంటాడు.

లంక నుంచి పారిపోయి, శరణార్థి కార్డొకటి పట్టుకుని మలేసియాలో మా సుంగై పెటాని చేరింది. ఏళ్ళుగా మా వెనక గదిలోనే ఉంటోంది. "టీవీలో దేశాలన్నీ మాకొద్దంటే మాకొద్దని పక్క దేశం మీదికి తోసేస్తున్నాయి. ఇక్కడ రెండు కొంపలు మాదంటే మాదని కొట్టుకుంటున్నాయి" అని మా ఆయన మోహన్‌రాజ్ నవ్వుతాడు. నవ్వనీ! జ్వరమొస్తే చారన్నం కలిపి పెట్టింది నేను. దీపావళికి చీర పెట్టేది మాత్రం వాళ్ళే, ఒప్పుకుంటాను.

మొన్న కెనడా నుంచి పిలుపొచ్చింది. ఈ కార్డుకి ఇక్కడ ఉద్యోగమివ్వరు, అక్కడ ఇస్తారు.

"ఎల్లడం అవసరమేటే, యోగా?" అని అడిగాను.

"అవసరం ఇల్లై, అక్కా" అంది తల దించుకుని.

ఇంకేం, పాయసం వండేశాను! గోడ మీంచి చిన్నప్పన్‌కి గిన్నె అందిస్తూ, "అవసరం ఇల్లై అనీసింది! మా కాడే ఉంటాది" అని గొప్పలు పోయాను.

చిన్నప్పన్ గిన్నె గోడ మీద పెట్టేశాడు. "తొందర లేదంది, అక్కా. వెళ్ళననలేదు" అన్నాడు తమిళంలో, మెల్లగా.

తమిళంలో అవసరమంటే తొందరని నాకు తెలీదా? పుట్టిన దగ్గర్నుంచీ వింటున్నాను. పాడు చెవి, తనకి కావలసినట్టు తెలుగులో వింది. ఆ పూట అతనితో తగువాడబుద్ధి కాలేదు. అతని కళ్ళూ తడిగానే ఉన్నాయి.

ప్రయాణం రోజు రెండిళ్ళవాళ్ళం ఒకే కారులో ఇరుక్కుని పెనాంగ్ విమానాశ్రయానికి వెళ్ళాం. ఏడుపు రాకుండా దారంతా దాన్ని గదమాయిస్తూనే ఉన్నాను. "కాయితాలు తీసినావా? సలికోటు ఏదే?"

గేటు దగ్గర, "ఎల్లు, టైమైపోతంది" అన్నాను.

"అవసరం ఇల్లై, అక్కా" అని నన్ను గట్టిగా పట్టుకుంది. ఇన్నేళ్ళూ మా తెలుగు వింటూ ఒక్క ముక్క పలకని పిల్ల, నా చెవిలో కూడబలుక్కుని తెలుగులో అంది: "మీరు... నాకు... అవసరం."

వెనక ఆ చివరి మాటొక్కటే విన్న చిన్నప్పన్ వాచీ చూసుకున్నాడు. "అవసరమంటోంది కదక్కా, తొందరగా ఉందేమో. వదులు" అన్నాడు.

నేను వదల్లేదు.