సంతకం పెట్టని పదకొండుమంది

"కూర్చో! నిన్న గాక మొన్న చేరినదానివి, నాకు తెగుళ్ళు నేర్పుతావా?"

డైరెక్టరు అరుపుకి సమావేశం గది బిగుసుకుపోయింది. అనకాపల్లి శివార్లలోని ఆ ప్రైవేటు చెరకు పరిశోధన సంస్థలో, 2006లో, కొత్త రకం విడుదలకి అంతా సిద్ధమైంది. ఆ రకానికి ఎర్రకుళ్ళు తెగులు సోకుతోందని చెప్పడానికి లేచింది కుమారి. తెగులు చూడ్డానికి కోటవురట్ల పొలాల్లో గడలు చీల్చింది ఆమె ఒక్కతే కాదు. పక్కనే కూర్చున్న జూనియరు కృపావతీ ఆ కుళ్ళిన గడల పుల్లటి వాసన పీల్చింది. నూటికి ముప్ఫై గడలకి తెగులుందని తన చేత్తోనే రాసింది.

"ఇంకెవరైనా చూశారా?" అన్నాడు డైరెక్టరు.

కృపావతి తల వంచుకుంది. ఆమె థీసిస్ ఆయన చేతిలో ఉంది, ఉద్యోగమూ ఆయన చేతిలోనే.

మర్నాడు కుమారిని గేటు దగ్గరే ఆపేశారు. నివేదికలో ముప్ఫై కాస్తా మూడైంది. దాని కింద కృపావతి సంతకం పెట్టింది.

ఆ రకం విడుదలై ఏడాది తిరక్కుండానే, దాన్ని వేసిన కోటవురట్ల రైతు సింహాచలం ఎండిన గడల మోపు తెచ్చి గేటు ముందు పడేశాడు.

"మూడెకరాలూ పోనాయమ్మా. మీకు ముందే తెలీదేటి?"

"తెలుసు," అంది కృపావతి.

అతను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గడలు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఎరువుల షెడ్డులో పదకొండుమంది జూనియర్లు కూడారు.

"టెంపరరీవోళ్ళం. మన మాటెవడు వింటాడు?" అన్నాడు ఎలియాజరు.

"వాళ్ళకి మన మాట అక్కర్లేదు గానీ మన సంతకం కావాలేటి? ఎండలో మాడేది మనం, గడ చీల్చేది మనం. రకాలు విడుదల చేసే కమిటీలో మనోళ్ళు ఒక్కరూ లేరు," అంది కృపావతి.

"ఆ రోజు సంతకం పెట్టింది నువ్వే కదా?" అన్నాడు ఎలియాజరు.

"నేనే పెట్టేను. ఇంక ఎవళ్ళూ పెట్టకండి."

చాలాసేపు కీచులాడుకున్నారు. చివరికి కమిటీలో చోటిచ్చి, అంకెలు దిద్దడం ఆపి, కుమారిని వెనక్కి తీసుకునేదాకా ఒక్క నివేదిక మీదా సంతకం పెట్టకూడదనుకున్నారు.

కృపావతి గొలుగొండ వెళ్ళింది. అక్కడ బడిలో పాఠాలు చెప్పుకుంటున్న కుమారి ఆమెను లోపలికి రమ్మనలేదు.

"తప్పు సేసేను కుమారీ."

"నాతో సెప్తే ఏటొత్తాది? పంట పోనోళ్ళతో సెప్పు."

కృపావతి కబురు పెడితే సోమవారం గేటు ముందు వందమంది రైతులు చేరారు. కృపావతి తన నోటుబుక్కు తెరిచి అసలు అంకెలు చదివింది. మూడని సంతకం పెట్టింది తానేనని చెప్పింది. ఎవరో మట్టిగడ్డ విసిరారు. భుజానికి తగిలినా ఆమె పక్కకి జరగలేదు.

సంస్థ రికార్డులు దొంగిలించిందని డైరెక్టరు అక్కడికక్కడే కేసు పెట్టాడు. పోలీసులు పుస్తకం లాక్కుని ఆమెను జీపెక్కించారు.

"మిగతావాళ్ళు లోపలికి పోండి!" అరిచాడు డైరెక్టరు.

మిగతా పదిమంది జూనియర్లూ కదల్లేదు. ఎలియాజరు సంచీలోంచి తన పొలం లెక్కల పుస్తకం తీశాడు. గుంపులోంచి కుమారి వచ్చి అతని పక్కన నిలబడి, దాన్ని అందుకుని గొంతెత్తి అంకెలు చదవడం మొదలుపెట్టింది. రైతులు జీపు ముందు కూర్చుండిపోయారు.

జీపులోంచి కృపావతి ఆమెనే చూస్తోంది. కుమారి మాత్రం ఒక్కసారి కూడా జీపు వైపు తిరగలేదు. పేజీ తిప్పింది.